3,70,261 తర్వాత

ఇల్లు,
వానలు పట్టిన వారం

ఆడపడుచు గారికి,

నేను, మీ వదినను, రాస్తున్నాను. ఇన్నేళ్ళ తర్వాత నా చేతిరాత చూడగానే ఏదో జరిగిందని మీరు అనుకునే ఉంటారు. జరిగింది. కిందటి నెల మీ అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశాను. ముందే రాయాల్సింది. ఒక చేత్తో ఆయన్ని, ఒక చేత్తో కుట్టుమిషన్ని పట్టుకున్నదానికి కలం పట్టుకోవడానికి మూడో చెయ్యి లేకపోయింది.

కబురు చెప్పడం వరకే అయితే ఇక్కడితో ఆపేద్దును. మాట పోయిందన్నాను గానీ పూర్తిగా పోలేదు. ఒక అంకె మిగిలింది. పొద్దున కళ్ళు తెరుస్తూనే నా మొహంలోకి చూసి "మూడు లక్షల డెబ్బై వేల రెండు వందల అరవై ఒకటి" అంటారు. ఒక్క అక్షరం తడబడరు. మంచినీళ్ళు కావాలా అంటే అదే. నొప్పిగా ఉందా అంటే అదే. అని ఊరుకుంటే బాగుండు. నేనేదో జవాబు చెప్పాలన్నట్టు చూస్తారు. చెప్పకపోతే తల గోడవైపు తిప్పుకుంటారు.

ఈ జబ్బులో ఏదో ఒక మాట అలా నాలుక మీద ఉండిపోతుందట, అర్థం వెతకొద్దని డాక్టరు అన్నారు. అర్థం లేని మాటకు ఎవరైనా జవాబు కోసం ఎదురుచూస్తారా? ఫోను నంబర్లు చూశాను. కరెంటు మీటరు చూశాను. ఆయన పాఠం చెప్పిన కాలేజీకి వెళ్ళి అడిగాను. ఎవరికీ తెలియదు.

మీరిద్దరూ భోజనాల దగ్గర అంకెల్లో కబుర్లు చెప్పుకుంటుంటే నేను గోడకు కొట్టిన సున్నంలా కూర్చునేదాన్ని. ఇప్పుడు ఇంట్లో మిగిలింది ఆ భాష ఒక్కటే, అది నాకు రాదు. మీకేమైనా తెలిస్తే రాయండి.

మీ వదిన


కొండ మీద కేంద్రం,
పొగమంచు విడవని రోజు

వదిన గారికి,

మీ ఉత్తరం సరుకుల జీపులో వచ్చింది. చదివి బయటికెళ్ళి గాలివేగం కొలిచే గిన్నెల కింద నిలబడ్డాను. అవి తిరుగుతూనే ఉన్నాయి. ఇక్కడ నేనొక్కదాన్నే ఉంటాను. వేడి ఎంత, తేమ ఎంత, గాలి ఎటు అని రేడియోలో కింది ఆఫీసుకు అంకెలు చదువుతాను. వాళ్ళు "అందింది" అంటారు. నా రోజులో మాటలంటే అవే. అందుకని, ఏడుద్దామన్నా గొంతు వెంటనే రాలేదు.

డాక్టరు గారు పొరబడ్డారు. ఆ సంఖ్యకు అర్థముంది. కాగితం తీసుకుని కూర్చుని చూశాను. అది ఏ ఎక్కంలోనూ పోదు. రెండుతో పోదు, మూడుతో పోదు, ఏడుతో పోదు. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ పోదు. అలాంటివాటిని ప్రధాన సంఖ్యలంటారు. బడికి నడిచేటప్పుడు అన్నయ్య ఒకటి చెప్పేవాడు, దాని తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య ఏదో నేను చెప్పాలి. చెప్పలేకపోతే ఇద్దరి సంచులూ నేనే మొయ్యాలి. ప్రశ్న వేసి, మీరు రాశారే, అచ్చం అలాగే మొహంలోకి చూసేవాడు.

మాట పోయినా ఆట పోలేదు వదినా. తర్వాతిది ఏదని అడుగుతున్నాడు. ఈసారి అన్నప్పుడు, "అవును, ఇది ప్రధాన సంఖ్యే, తర్వాతిది చూస్తున్నా" అనండి. ఏం చేస్తాడో రాయండి.

నన్ను "మీరు" అనకండి, పరాయిదాన్నయినట్టు ఉంది. అమ్మ పోయినప్పుడు మీరన్న మాట నేను మనసులో పెట్టుకోలేదు. పెట్టుకున్నాను గానీ, ఇప్పుడు అది ఎక్కడుందో వెతుక్కోవాలి. సెలవు పెట్టి రానా?

మీ ఆడపడుచు


ఇల్లు,
ఎడతెరిపి లేని వాన

అమ్మాయీ,

నువ్వు చెప్పినట్టే అన్నాను. పలకబోయే ముందు రెండుసార్లు వంటింట్లో వల్లించుకున్నాను, పరీక్షకు వెళ్ళే పిల్లలా. విన్నారు. నోరు ఎడమవైపు మాత్రమే కదులుతుంది కదా, ఆ సగం నోటితో నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిది. నేను మిషను దగ్గరికెళ్ళి కూర్చుని ఒక చొక్కాకు కాలరు తిరగేసి కుట్టాను. మర్నాడు పొద్దున దాన్ని విప్పుకోవడమే సరిపోయింది.

తర్వాత సంగతి చెప్తాను. "చూస్తున్నా" అన్నదాన్ని చూడకుండా ఊరుకోనిస్తారా? గంటకోసారి కనుబొమ్మ ఎగరేసి, ఏమైంది అన్నట్టు. సరే, సరిసంఖ్యలు రెండుతో పోతాయి. అయిదు చివరనుంటే అయిదుతో పోతాయి. మూడుతో పోయేవి అంకెలు కూడితే తెలుస్తాయని చిన్నప్పుడు మా పంతులమ్మ చెప్పింది గుర్తొచ్చింది. అవన్నీ తీసేస్తే మొదట 3,70,267 మిగిలింది. దాన్ని ఏడుతో చూశాను, పదకొండుతో, పదమూడుతో చూశాను. పోలేదు. ఇదేనా అని చూపించాను. నాలుక చప్పరించారు. ఆ చప్పరింత నీకు తెలిసే ఉంటుంది. నాకు మాత్రం కొత్త, నన్నెప్పుడూ ఈ ఆటలోకి రానిచ్చారు కనకనా!

ఎందుకు కాదో నువ్వు రాయి. రావడం మాత్రం వద్దులే. దారులు బాగాలేవు, ఇల్లు ఇరుకు. ఇక్కడ నేను చూసుకుంటున్నాను.

మీ వదిన


కొండ మీద కేంద్రం,
గాలి మారిన రోజు

వదినా,

3,70,267 చాలా గడుసుది. దాన్ని 479తో భాగిస్తే సరిగ్గా 773 సార్లు పోతుంది. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇంకే చిన్న ఎక్కంలోనూ దొరకదు. అన్నయ్యకు అది ముందే తెలిసుండాలి, లేకపోతే చప్పరించడు.

ఎంతదాకా చూడాలో చెప్తాను. ఒక సంఖ్య రెండింటి హెచ్చవేత అయితే, ఆ రెంటిలో చిన్నది మరీ పెద్దది కాలేదు. 609ని 609తో హెచ్చిస్తే మన సంఖ్యలు దాటిపోతాయి. కాబట్టి 607 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. అవన్నీ విడిగా చీటీ మీద రాసి పెట్టాను. వాటిలో ఏ ఒక్కదానితోనూ పోకపోతే గెలిచినట్టు.

ఇంకో మాట. ఇక్కడ పొగమంచు పడితే చేయడానికేమీ ఉండదు. నేను ముందుకెళ్ళి చూసొచ్చాను. జవాబు నాకు తెలుసు. అది దగ్గర్లో లేదు వదినా. వందకు పైగా సంఖ్యలు వరసగా వస్తాయి, వాటిలో ఒక్కటీ ప్రధానం కాదు. ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే అక్కడిదాకా ఇంత పొడుగు ఖాళీ ఇంకెక్కడా తగలదు. నన్ను ఓడించడానికే ఎప్పటినుంచో దాచుకున్న ప్రశ్న అయ్యుంటుంది. ఇన్నేళ్ళు నేను అక్కడికి రాలేదు, అడగడానికి వీలు కాలేదు.

కావాలంటే జవాబు రాసేస్తాను, ఒక్కసారి చెప్పేస్తే మీకు శ్రమ తప్పుతుంది. రావడం గురించి కూడా ఆలోచించండి. ఇరుకైతే నేను మిషను పక్కన నేల మీద పడుకుంటాను. ఇక్కడి గదిలో నాలుగు మంచాలున్నాయి, మూడు ఖాళీ. ఇరుకంటే ఎలా ఉంటుందో మర్చిపోయాను.

మీ ఆడపడుచు


ఇల్లు,
వానలు తెరిపిచ్చాక

అమ్మాయీ,

జవాబు రాయకు. రాసినా నేను చదవను, ఆ భాగం చింపేసి పొయ్యిలో పెడతాను.

మా మధ్యాహ్నాలు ఎలా గడుస్తున్నాయో చెప్తాను విను. యూనిఫారాల పని పన్నెండుకల్లా ఆపేస్తున్నాను. ఆయన్ని దిండ్ల మీద కూర్చోబెడతాను. కోట్లకు వేసే నల్ల లైనింగు గుడ్డ ఒక గజం ఆయన మంచానికి ఎదురుగా గోడకు కొట్టాను. బట్ట మీద గీతలు పెట్టే సుద్దతో దాని మీద భాగాహారం చేస్తాను. ఆయన ఎడమ చేతి చూపుడువేలు దుప్పటి మీద నాతోపాటు కదులుతుంది. తప్పు చేశానా, వేలు ఆగిపోతుంది. సరిగ్గా పోయిందా, మంచం కోడు మీద టక్కున కొడతారు. కింద బస్సుల డిపోలో ఎంత గోల ఉన్నా ఆ టక్కు నాకు వినిపిస్తుంది.

3,70,271 పదకొండుతో పోయింది. 3,70,273 నలభై మూడుతో. 3,70,277 పదిహేడుతో. 3,70,279 ఏడుతోనే పోయింది, పాపం, మొదటి మెట్టు మీదే బోర్లా పడింది. ఇక 3,70,283 ఉందే, అది మమ్మల్ని మూడు చెరువుల నీళ్ళు తాగించింది. వందలు దాటాం, రెండు వందలు దాటాం, మూడు వందలు దాటాం. పోలేదు. ఇదే ఇదే అని సుద్ద ఇంకా గట్టిగా ఒత్తి రాశాను. చివరికి 379తో పోయింది. సుద్ద కింద పడేసి "ఛ" అన్నాను. ఆయన టక్కు కొట్టి, పకపకా నవ్వారు. శబ్దం బయటికొచ్చేట్టు. వ్యాయామం చేయించే అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఒక మధ్యాహ్నమంతా ఆయనా నేనూ ఒకే వస్తువు వైపు చూస్తూ కూర్చున్నది ఇప్పుడే. ఖాళీ పొడుగైతే పొడుగు కానీ. నాకు తొందరేం లేదు.

నువ్వు రావాల్సిన అవసరం లేదని ముందే రాశాను. మళ్ళీ మళ్ళీ అడగకు.

వదిన


కొండ మీద కేంద్రం,
ఎండ

వదిన గారికి,

అన్నయ్య నవ్విన సంగతి చదివి సంతోషించాను.

మిగతాది చదివి సంతోషించలేదు. తోడబుట్టినవాడు మంచం పడితే చూడ్డానికి నాకు ఒకరి అనుమతి కావాలని అనుకోలేదు. ఆ సంఖ్య ఏమిటో చెప్పింది నేను. 607 దాకా చీటీ రాసి పంపింది నేను. అక్కరకు చుట్టాన్ని, అక్కర తీరాక పరాయిదాన్నా?

సెలవుకు రాశాను. నా బదులు మనిషిని పంపుతామన్నారు. ఆ మనిషి జీపులో పైకి రాగానే అదే జీపులో నేను దిగుతాను.

ఆడపడుచు


ఇల్లు,
చలి మొదలు

అమ్మాయీ,

ఈ ఉత్తరం నువ్వు దిగేలోపు అందాలి. పోస్టాఫీసు అతను త్వరగా వెళ్ళే సంచిలో వేస్తానన్నాడు.

నీకు చెప్పనిది ఒకటుంది. అంకె ఒక్కటే మిగిలిందని రాశాను. అది అబద్ధం. ఇంకో మాట కూడా మిగిలింది. మొదటిరోజు నుంచీ ఉంది. "గువ్వా" అంటారు.

అది నీ ముద్దుపేరని నాకు తెలుసు. మా పెళ్ళిలో పందిరి అవతల నుంచి నిన్ను అలా కేకేస్తేనే మొదటిసారి విన్నాను. ఇప్పుడు నా మొహంలోకి చూసి అంటున్నారు. గువ్వా, మూడు లక్షల డెబ్బై వేల రెండు వందల అరవై ఒకటి. నేను అన్నం కలిపి పెడితే గువ్వా. ఒళ్ళు తుడిస్తే గువ్వా. నీతో నడిచిన దారిలో ఎక్కడో ఉన్నారు, నేను నువ్వని అనుకుంటున్నారు. నేనెవరో ఆయనకు తెలియదమ్మా.

మొదట్లో ఒళ్ళు మండిపోయింది. ఇంత కాపురం చేస్తే ఆఖరికి మిగిలిన ఒక్క మాటా చెల్లెలి పేరా అని. నీకు ఉత్తరం రాసిన రోజు కూడా మంటతోనే రాశాను. తర్వాత ఆ నల్లగుడ్డ దగ్గర నిలబడటం మొదలుపెట్టాక, గువ్వా అంటే పలకడం అలవాటైపోయింది. పలికితే చూస్తారు. పలికితే నవ్వుతారు. వదినగా నాకు దొరకనిది గువ్వగా దొరుకుతోంది. దొంగసొమ్మే. తెలుసు.

ఇప్పుడు నువ్వు గుమ్మంలోకి వచ్చి నిలబడతావు. ఆయన నిన్ను చూస్తారు. అప్పుడు సుద్ద పట్టుకుని నిలబడ్డ ఈ మనిషి ఎవరు? ఇరుకు అన్నది అందుకు. ఇల్లు కాదు.

దాచినదంతా చెప్పాను. రావాలనుకుంటే రా. తలుపు వెయ్యను.

వదిన


కొండ మీద కేంద్రం,
బెలూను వదిలాక

వదినా,

నా బదులు వచ్చిన మనిషిని టీ ఇచ్చి అదే జీపులో వెనక్కి పంపించేశాను. కింది ఆఫీసు వాళ్ళు రేడియోలో తిట్టారు. ఇన్నాళ్ళకు "అందింది" కాకుండా ఇంకో మాట అన్నారు, ఆ మేరకు లాభమే.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పొద్దున్న పరికరాల పెట్టె కట్టి బెలూను వదిలాను. మబ్బులోకి వెళ్ళాక కనపడదు, అది పంపే అంకెలు మాత్రం వస్తుంటాయి. కాసేపటికి అవీ ఆగిపోతాయి. రోజూ చేసే పనే. ఇవాళ ఆగిపోయాక కూడా చెవికి పెట్టుకున్నవి తియ్యలేదు.

కోపం రాలేదని చెప్పను. అన్నయ్యకు గుర్తున్నది నేనని తెలిసి గర్వం కూడా వచ్చింది. ఆ గర్వంతో నేనేం చేసుకోను వదినా? ఆ పేరుతో పిలిచేవాళ్ళు అన్నయ్య తప్ప ఈ లోకంలో ఎవరూ లేరు. పిలిచిన చోట నేను లేను, నువ్వున్నావు. పిలిస్తే పలికే మనిషిదే పేరు. ఉంచుకో.

గువ్వ ఎలా ఆడేదో చెప్తాను, పనికొస్తుంది. ఓడిపోయేటప్పుడు నేను దిక్కులు చూసేదాన్ని. గెలిచేటప్పుడు "అన్నయ్యా, సంచి పట్టుకో" అనేదాన్ని. నువ్వు ఆయన్ని అన్నయ్యా అనలేవనుకో. అన్నావంటే ఇద్దరం కలిసి చెంపలేసుకోవాలి. సంచి పట్టుకో అంటే చాలు.

ఎక్కడిదాకా వచ్చారు?

నీ ఆడపడుచు


ఇల్లు,
చలి తగ్గాక

గువ్వా,

నీ పేరు నీకే రాస్తున్నాను. ఎందుకో చివర చెప్తాను.

ఆ మధ్య ఆయనకు జ్వరం తగిలి చాలా రోజులు ఆట ఆపేశాం. ఇల్లంతా చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉండేది. తగ్గాక మళ్ళీ సుద్ద పట్టాను. 3,70,363 ఏడుతో పోయింది. 3,70,367 పంతొమ్మిదితో పోయింది. 3,70,369 ఇరవై మూడుతో పోయింది. ఆ తర్వాత 3,70,373.

ఇరవైలు దాటింది, వందలు దాటింది. మునుపు మోసపోయాను కాబట్టి ఈసారి ఆశ పెట్టుకోలేదు. 379 దగ్గర కాసేపు ఆగి మరీ చేశాను. పోలేదు. 479 దగ్గరా పోలేదు. గుడ్డ నిండిపోతే తుడిచి మళ్ళీ రాసుకుంటూ మూడు మధ్యాహ్నాలు చేశాం. ఆఖరిది 607. ఆరువందల పదిసార్లు పోయి నూట మూడు మిగిలింది. కిందికి గీత గీసి నిలబడ్డాను. నీ చీటీలో ఇంకేమీ లేదు.

వెనక్కి తిరిగితే ఆయన వేలు దుప్పటి మీద ఆగి ఉంది. తప్పు చేశానేమోనని మళ్ళీ పైనుంచి చూసుకున్నాను. తప్పు లేదు. నువ్వు చెప్పిన మాట గుర్తుండీ నోటికి రాలేదు. "అయిపోయింది" అన్నాను, అంతే.

గుడ్డ వైపు చూశారు. తర్వాత నా వైపు. మాటలు ఒక్కొక్కటే తవ్వి తీస్తున్నట్టు అన్నారు.

"చాలు గువ్వా. ఇంటికి. మీ వదిన... తినదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక సుద్ద పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నాను. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన కాలేజీ లైబ్రరీలో లెక్కల్లో పడితే పొద్దు తెలిసేది కాదు. నేను అన్నం వడ్డించుకోకుండా కూర్చునేదాన్ని. ప్రేమ అనుకునేవు, మొండితనం. ఆలస్యమైనందుకు సిగ్గుపడాలని. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు ఆయన. గమనించారని కూడా నాకు తెలియదు. ఇప్పుడు, నన్ను పక్కన పెట్టుకుని, నా దగ్గరికి వెళ్ళాలని తొందరపడుతున్నారు.

"తినలేదు. వెళ్దాం పద" అన్నాను.

పళ్ళెం తెచ్చి పెడితే ఎడమ చేత్తో తనే తిన్నారు. తింటూ రెండుసార్లు తలుపు వైపు చూశారు. ఎవరో రావాలన్నట్టు కాదు, తను బయల్దేరాలన్నట్టు. ఆ రోజు నుంచి అంకె అనడం లేదు. గువ్వా అంటున్నారు, తలుపు చూపిస్తున్నారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇంతకు ముందున్న నిశ్శబ్దం కాదు గానీ నిశ్శబ్దమే.

నేను ఆలోచించాను. నేను గువ్వగా ఉన్నంతకాలం ఆయన ఇంటికి చేరలేరు. ఆ మంచం మీదే దారిలో ఉండిపోతారు. నువ్వు సెలవు పెట్టి రా. నాలుగు మంచాల గదిని కొన్నాళ్ళు గాలికి వదిలెయ్. ఈసారి ఇరుకు అనను. వచ్చి ఆయన మంచం పక్కన నువ్వు కూర్చో, గువ్వ ఎవరో ఆయన చూసుకుంటారు. నేను పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి వస్తాను.

గువ్వను తీసేస్తే ఈ ఇంట్లో మిగిలేది నేనొక్కదాన్నే. నన్ను పోల్చుకోక ఏం చేస్తారు?

మీ వదిన